డాన్ క్విక్సోట్ రెండో భాగం చదవొచ్చా?

పుస్తకాలపురుగు: స్పానిష్ రచయిత సెర్వాంటెస్ రాసిన ఈ నవల మొదటి భాగం (1605) చదవడం అయిపోయింది. క్విక్సోట్ గాలిమరల్ని రాక్షసులనుకుని కలబడే గొడవకి బాగా నవ్వుకున్నాను కానీ మధ్యలో పిట్టకథలు విసిగించాయి. 1615 నాటి రెండోదీ ఇంతేనా?

రాత్రిబండి: మానకండి, అసలు మజా అందులోనే ఉంది. 1614లో అవెయ్యనేదా అనే మారుపేరుతో ఎవరో దొంగ రెండో భాగం అచ్చేశారు. సెర్వాంటెస్‌కి ఒళ్లు మండి ఆ సంగతి కథలోకే తెచ్చాడు. ఆ దొంగ పుస్తకంలో తను సరగోసా నగరం వెళ్లినట్టు రాశారని విని, దాన్ని అబద్ధం చెయ్యడానికే క్విక్సోట్ దారి మార్చుకుని బార్సిలోనా పోతాడు!

కాఫీప్రియుడు: పైగా ఆ దొంగ పుస్తకంలోని పాత్ర డాన్ ఆల్వారో టార్ఫేని ఇందులోకి లాక్కొచ్చి, అసలు క్విక్సోట్ ఇతనేనని ఊరి అధికారి ముందు వాంగ్మూలం ఇప్పిస్తాడు. ఎంత కసి చూడండి. క్విక్సోట్ ఓ డ్యూక్ (పెద్ద ప్రభువు) ఇంట్లో ఉండే అధ్యాయాలు మాత్రం సాగుతాయి, ఆ ఇంటివాళ్లు అతన్ని చేసే వేళాకోళం నాకైతే క్రూరంగా అనిపించింది.

పుస్తకాలపురుగు: క్విక్సోట్ సేవకుడు సాంచో గవర్నర్ అయ్యేది ఇందులోనేనా?

రాత్రిబండి: అవునండీ, భలే తీర్పులు చెప్తాడు.