షెఫీల్డ్‌లో చదువు, వీకెండ్ తిరుగుడు: తక్కువ ఖర్చుతో ఎలా?

ప్రశ్న (ఖమ్మం అమ్మాయి, ఇప్పుడు షెఫీల్డ్)

అందరికీ నమస్తే. సెప్టెంబరులో ఎమ్మెస్సీకి వచ్చాను. ఆరు వారాలైనా యూనివర్సిటీ, రూము, నేను పనిచేసే కేఫ్ తప్ప ఏమీ చూడలేదు. శనివారం షిఫ్ట్, ఆదివారం బట్టలు, వంట. నెలకు 80 పౌండ్ల దాకా తిరగడానికి పక్కన పెట్టగలను.

మొన్న ఎడిన్‌బరాకి వచ్చే శనివారానికే టికెట్ చూశాను, గుండె ఆగినంత పనైంది. అందరూ ఇంత పెట్టే తిరుగుతున్నారా? ఇంకో విషయం. మా ఫ్లాట్‌లో వాళ్లు డిసెంబరులో బెల్‌ఫాస్ట్ వెళ్లి, అక్కడి నుంచి బస్సులో డబ్లిన్ కూడా చూసొద్దాం, దారిలో ఎవరూ అడగరు అంటున్నారు. వెళ్లొచ్చా? నేను గుడ్డు కూడా తినను, తిండి సంగతి కూడా చెప్పండి.

లీడ్స్ అక్క

చెల్లీ, ముందు డబ్లిన్ సంగతి చెప్తా. మిగతా వాటిలో పొరపాటు చేస్తే డబ్బు పోతుంది, ఇందులో చేస్తే వీసా మీదికి వస్తుంది.

బెల్‌ఫాస్ట్ ఉత్తర ఐర్లాండ్‌లో ఉంది, అది యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం. నీ స్టూడెంట్ వీసాతో హాయిగా వెళ్లు. డబ్లిన్ ఉన్నది వేరే దేశంలో, ఐర్లాండ్‌లో. మన పాస్‌పోర్ట్‌కి అక్కడ ఐరిష్ వీసా కావాలి. బ్రిటన్ వీసా ఉంటే చాలు అని ఎవరైనా అంటే, ఆ సడలింపు విజిటర్ వీసాల వాళ్లకి, స్టూడెంట్లకి కాదు. సరిహద్దు దగ్గర గేటూ ఉండదు, చెక్‌పోస్టూ ఉండదు. అదే మనవాళ్లని మోసం చేస్తుంది. ఐరిష్ పోలీసులు అప్పుడప్పుడు బస్సు ఎక్కి పాస్‌పోర్టులు అడుగుతారు. "ఎవరూ అడగరు" అన్నవాడు ఆ రోజు నీ పక్క సీట్లో ఉండడు.

పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ కూడా అంతే, షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) కావాలి. ఇక్కడి నుంచే పెట్టుకోవచ్చు, ఫీజు 90 యూరోలు. అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టొచ్చు, కాబట్టి ఈస్టర్ సెలవులకి వెళ్లాలంటే జనవరిలోనే మొదలుపెట్టు.

ఇక రైళ్లు. నువ్వు చేసిన తప్పు ఒక్కటే, వారం ముందు చూడటం. అడ్వాన్స్ టికెట్లు సాధారణంగా పన్నెండు వారాల ముందు నుంచి వదులుతారు. చవకవి ముందు అయిపోతాయి. 16-25 రైల్‌కార్డ్ తీసుకో, ఏడాదికి 35 పౌండ్లు, టికెట్ ధరలో మూడో వంతు తగ్గుతుంది. ఏడాదిలో 105 పౌండ్ల టికెట్లు కొంటే కార్డు డబ్బు తిరిగొచ్చినట్టే. వయసు 26 దాటినా ఫుల్‌టైమ్ చదువుతుంటే ఇదే కార్డు ఇస్తారు. పనిదినాల్లో ఉదయం పది లోపు రైలెక్కితే 12 పౌండ్ల కనీస ఛార్జీ నిబంధన ఒకటుంది. శని, ఆదివారాల్లో ఆ గొడవ లేదు.

అడ్వాన్స్ టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. తర్వాతి రైలెక్కితే చెల్లదు. ఏ టికెట్టూ లేకుండా దొరికితే ఇంగ్లండ్‌లో పెనాల్టీ 100 పౌండ్లు, పైగా ప్రయాణ ఛార్జీ. 21 రోజుల్లో కడితే ఆ 100 కాస్తా 50 అవుతుంది.

నా సొంత అనుభవం కూడా చెప్తా. టికెట్, రైల్‌కార్డ్ రెండూ ఫోన్లోనే పెట్టుకుని, దారంతా వీడియోలు తీస్తూ కూర్చున్నా. టీసీ వచ్చేసరికి ఫోన్ చచ్చింది. పూర్తి ధరకి మళ్లీ టికెట్ కొన్నాను. అప్పటి నుంచి పవర్ బ్యాంక్ లేకుండా గడప దాటను.

షెఫీల్డ్ సీనియర్ (గుంటూరు)

చెల్లెమ్మా, షెఫీల్డ్‌లో ఉండి ఎడిన్‌బరా గురించి బెంగ ఎందుకు? పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండల ప్రాంతం నీ ఇంటి వెనకాలే ఉంది. మొదటి ట్రిప్ అక్కడికే పెట్టుకో.

272 నంబరు బస్సు క్యాసిల్‌టన్ వెళ్తుంది. ఇంగ్లండ్‌లో లోకల్ బస్సు సింగిల్ టికెట్ ఇప్పుడు 3 పౌండ్లు దాటదు, అంటే రానూపోనూ ఆరు. అక్కడి నుంచి మామ్ టార్ కొండ ఎక్కు. ఎత్తు 517 మీటర్లే, పైభాగంలో రాళ్లు పరిచిన దారి ఉంటుంది. కొండ అడుగున పాత రోడ్డొకటి ముక్కలై పడి ఉంటుంది, దాన్ని వదిలేయకు. నేల జారిపోతుంటే ఏళ్లకేళ్లు మరమ్మతులు చేసి, చివరికి 1979లో కార్లకి మూసేశారు. తారు పొరల మీద పొరలు కనిపిస్తాయి. నాకు కొండ కంటే అదే నచ్చింది. శిఖరం దాటి గట్టు వెంట హాలిన్స్ క్రాస్ దాకా నడిచి, అవతలి వైపు ఈడేల్ స్టేషన్‌కి దిగితే అరగంటలో రైల్లో ఇల్లు చేరతావు.

కానీ ఇది గుర్తుపెట్టుకో. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. మధ్యాహ్నం పన్నెండుకి లేచి "బయల్దేరదామా" అనే బ్యాచ్‌తో వెళ్లకు. మేం ముగ్గురం అలాగే వెళ్లి, ఫోన్ల టార్చి వెలుగులో బురదలో దిగాం. రైలు కళ్లముందే పోయింది. తర్వాతి దానికి గంటకు పైగా ఆ చలిలో స్టేషన్‌లో నిలబడ్డాం.

గొడుగు తీసుకెళ్లొద్దు, గాలికి తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్ జాకెట్, పట్టు ఉన్న బూట్లు ఉంటే చాలు. తిండికి పులిహోర మించినది లేదు, చల్లారినా బాగుంటుంది. మర్చిపోతే సూపర్ మార్కెట్ మీల్ డీల్ ఉంది. మీల్ అన్నారని భోజనం అనుకునేవు, శాండ్‌విచ్, చిప్స్, ఒక డ్రింక్. గుడ్డు తిననన్నావు కాబట్టి వెజిటేరియన్ గుర్తు చూసి సరిపెట్టుకోకు, ఇక్కడ అందులో గుడ్డు ఉండొచ్చు. వీగన్ (గుడ్డు, పాలు కూడా లేనిది) అని ఉన్నది తీసుకో. రాత్రి ఉండాల్సి వస్తే వంటగది ఉన్న టూరిస్ట్ హాస్టల్ చూసుకో.

కరీంనగర్ నుంచి ఒక తండ్రి

మా అమ్మాయి మాంచెస్టర్‌లో ఉంది. ఒంటరిగా యార్క్ వెళ్లొస్తానంటోంది. టెన్షన్‌గా ఉంది, పంపొచ్చా?

లీడ్స్ అక్క

బాబాయ్ గారూ, పంపండి. యార్క్ పగటిపూట ఒంటరిగా తిరగడానికి ఇబ్బంది లేని ఊరు. పాత కోట గోడల మీద నడవడానికి, నేషనల్ రైల్వే మ్యూజియానికి టికెట్ లేదు. తిరుగు రైలు టైమ్ ముందే మీకు మెసేజ్ చేయమనండి. రైల్లో ఎవరైనా ఇబ్బంది పెడితే 61016కి మెసేజ్ చేస్తే రైల్వే పోలీసులకి చేరుతుంది, అత్యవసరమైతే 999. ఆ నంబర్లు తన ఫోన్లో ఉన్నాయో లేదో అడగండి. గంటకోసారి మాత్రం ఫోన్ చేయకండి, బ్యాటరీ అయిపోతుంది.

ప్రశ్న అడిగిన అమ్మాయి

అక్కా, అన్నా, థాంక్స్. డబ్లిన్ మానేశాం. శనివారం షిఫ్ట్ మాత్రం వదులుకోలేను. ఆదివారం వెళ్తే?

షెఫీల్డ్ సీనియర్

దగ్గరి ఊళ్లకి పర్వాలేదు. దూరం అయితే ఆదివారం నమ్ముకోకు. రైళ్లు ఆలస్యంగా మొదలవుతాయి, పట్టాల పనులు ఎక్కువగా వీకెండ్‌లోనే పెడతారు. అప్పుడు రైలు బదులు బస్సెక్కిస్తారు, గంట ప్రయాణం రెండు గంటలవుతుంది. పెద్ద షాపులు కూడా ఆదివారం ఆరు గంటలే తెరిచి ఉంటాయి.

మీ మేనేజర్‌ని నెలకి ఒక్క శనివారం వదలమని అడుగు, బదులుగా శుక్రవారం సాయంత్రం, ఆదివారం చేస్తానని చెప్పు. ఆదివారం ఎవరూ రామంటారు కాబట్టి సాధారణంగా ఒప్పుకుంటారు. స్టూడెంట్ వీసా మీద టర్మ్‌లో పనికి ఉన్న వారానికి 20 గంటల పరిమితి సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్క. మార్చుకున్న షిఫ్ట్ ఏ వారంలో పడుతుందో చూసుకో. మాస్టర్స్ వాళ్లకి వేసవి డిసర్టేషన్ కాలం కూడా టర్మ్ కిందికే వస్తుంది. చాలామంది అక్కడే బోల్తా పడతారు.

ప్రశ్న అడిగిన అమ్మాయి (రెండు వారాల తర్వాత)

మామ్ టార్ ఎక్కాను! పైన గాలికి నిలబడలేక పులిహోర డబ్బా మూత ఎగిరిపోయింది, ఎంత వెతికినా దొరకలేదు. ఖర్చు బస్సుకి ఆరు పౌండ్లు, దిగాక హాట్ చాక్లెట్‌కి నాలుగు. విరిగిన రోడ్డు నిజంగానే బాగుంది అన్నా. వచ్చే నెల లండన్ అనుకుంటున్నాను. ఒక్క రోజులో ఏం చూడాలి?

షెఫీల్డ్ సీనియర్

ఇరవై చోట్లకి పరుగెత్తకు. నీ రైలు సెయింట్ పాంక్రాస్‌లో ఆగుతుంది. అక్కడి నుంచి బ్రిటిష్ మ్యూజియం నడిచే దూరం, టికెట్ లేదు. 33ఏ గదికి వెళ్లు, మన అమరావతి స్తూపం రాళ్లు అక్కడ ఉన్నాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకి తరలించిన వాటిలో చాలా భాగం తర్వాత ఓడలో లండన్ చేరింది. గుంటూరు వాణ్ణి, చిన్నప్పుడు అమరావతి మ్యూజియంలో నమూనాలు చూసి, అసలువి ఇక్కడ చూడాల్సి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ చూడకుండా రాకు.

శుక్రవారం మ్యూజియం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది. మధ్యాహ్నం క్లాసు లేకపోతే ఆ రోజే వెళ్లు, శనివారం అంత రద్దీ ఉండదు. లోపలి గదులు ఒక్కోసారి మూసి ఉంచుతారు, బయల్దేరే ముందు వెబ్‌సైట్ చూసుకో. లండన్‌లో బస్సు 1.75 పౌండ్లు, గంటలోపు ఎన్ని బస్సులు మారినా అంతే. ట్యూబ్‌లో (లండన్ మెట్రో) ఎక్కువ తిరిగేట్టయితే ఆయిస్టర్ కార్డు (అక్కడి ప్రయాణ కార్డు) తీసుకుని, స్టేషన్ సిబ్బంది చేత దానికి రైల్‌కార్డ్ కలిపించుకో. బ్యాంకు కార్డుకి ఆ తగ్గింపు రాదు.