45 డిగ్రీల దగ్గర థర్మామీటర్ సరిచూడటం ఎలా?

విజయవాడలో ఇంటి దగ్గరే సొంతంగా ఉష్ణోగ్రత లెక్క రాసే పనికి సలహా కావాలండీ. రీడింగ్ రోజూ ఉదయం 8:30కే. థర్మామీటర్ నేలకు 1.5 మీటర్ల ఎత్తున, నీడలో, గాలి ఆడేచోట ఉంది. డాబా మీద పెడితే శ్లాబు వేడి కలిసి అంకె పెరుగుతుంది. చూసిన వెంటనే పెన్నుతో రాయడం, తప్పుపడితే చెరపకుండా ఒక్క గీత కొట్టడం నియమం. పుస్తకాల బైండింగ్ పని చేస్తూ చదువుకున్న శాస్త్రవేత్త మైకేల్ ఫారడే తన ప్రయోగాల డైరీలో పేరాలకు వరుస నంబర్లు వేశాడు. పాత రీడింగ్ వెతకడానికి అంతకంటే మంచి అలవాటు లేదు.

దంచిన ఐసులో డిస్టిల్డ్ వాటర్ కలిపి 0 డిగ్రీలు సరిచూడొచ్చు. కానీ మే ఎండలకు కావలసింది 40–45 దగ్గర. అక్కడ ఇంట్లో సరిచూసే దారేది? రీడింగ్ తప్పిన రోజు అందాజు అంకె వేయకుండా ఖాళీ వదలాలి, సరే. ఎన్ని ఖాళీలు దాటితే ఆ నెల సగటు పక్కన పెట్టాలి?