బొమ్మ పడింది, బొమ్మ వచ్చింది, బొమ్మ అదిరింది

నిన్న ఇక్కడ ఒకరు అడిగారు: సినిమా నచ్చితే చాలు, ఈ మధ్య అందరూ "బొమ్మ అదిరింది", "బొమ్మ బ్లాక్‌బస్టర్" అంటున్నారు, "చిత్రం" అనే చక్కటి మాట ఉండగా ఈ ఫ్యాన్స్ భాష మనకెందుకు అని. నేను సినిమా పిచ్చి ఉన్న మనిషిని. తెలుగు మాటలంటే కూడా అంతే పిచ్చి. అందుకే ఈ "బొమ్మ"ను గట్టిగా వెనకేసుకొస్తాను.

ఇది సోషల్ మీడియాలో పుట్టిన మాట కాదండీ. టూరింగ్ టాకీసుల కాలం నుంచీ ఊళ్ళలో ఉన్నదే. "నమో వెంకటేశా" రికార్డు వేశారంటే ఇక టికెట్లు ఇస్తారని గుర్తు. పరుగున వచ్చినవాడు గేటు దగ్గర అడిగేది ఒకటే: "బొమ్మ పడిందా?" "లేదు, ఇంకా న్యూసే నడుస్తోంది" అంటే ప్రాణం లేచొచ్చేది. ఇక్కడ పడటమంటే నీడ పడటం, వెలుతురు పడటం లాంటి పడటం. ప్రొజెక్టర్ చేసే పనంతా ఆ ఒక్క క్రియలో ఇమిడిపోయింది. "చిత్రం ప్రారంభమైంది" అనండి, అర్థం తెలుస్తుంది కానీ ఆ వెలుతురు కనిపించదు.

అసలు సంగతి ఇంకా వెనక ఉంది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలంలో శివరాత్రి సంబరాల గురించి చెబుతూ ఇలా అంటాడు:

"భారతాది కథల జీరమఱుగుల
నారంగ బొమ్మల నాడించువారు"

పద్యంలో "జీర" అని వినిపించేది చీరే, కానీ ఇక్కడ కట్టుకునే చీర కాదు, గుడ్డ. మఱుగు అంటే చాటు. భారతం లాంటి కథల్ని గుడ్డ చాటు నుంచి బొమ్మలతో ఆడించేవాళ్ళు అని. అంటే తోలుబొమ్మలాట. వెనక దీపం, మధ్యలో తెర, తెర మీద రంగుల బొమ్మ, ఇవతల జనం. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి ఈ రెండు పాదాల్లో సినిమాకి కావలసిన సరంజామా అంతా ఉంది. అందుకే 1932లో హెచ్.ఎం. రెడ్డి "భక్త ప్రహ్లాద"తో తెర మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు మన పల్లెలకి కొత్త పేరు వెతుక్కునే అవసరం రాలేదు. బొమ్మ అన్నారు, ఆట అన్నారు, అంతే. ఫస్ట్ షో మొదటాట అయింది. "ఏ హాల్లో ఆడుతోంది?", "వంద రోజులు ఆడింది" అని ఇప్పటికీ అంటాం. ఆ "ఆడించు" ఇంకా మన నోట్లోనే ఉంది.

ఇంకోటి నాకు మరీ ఇష్టం. శివరాత్రి జాగారానికి మన ఊళ్ళలో సినిమా హాళ్ళు తెల్లవార్లూ ఆటలు వేసేవి. సోమనాథుడు చెప్పిన శివరాత్రే, తెర మీద బొమ్మలే. దీపం పోయి ప్రొజెక్టర్ వచ్చింది.

టీవీ వచ్చాక కూడా ఈ మాట మనల్ని వదల్లేదు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. ఆ తర్వాత ఊళ్ళలో సినిమా పాటల కార్యక్రమం చిత్రలహరి వచ్చే శుక్రవారం సాయంత్రం డాబా మీద ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే, కింద నుంచి ఇంకొకరు "బొమ్మ వచ్చింది... పోయింది... ఆఁ అక్కడే ఉంచు!" అని అరవడం తెలియనివాళ్ళు ఆ తరంలో అరుదు. సినిమాకి బొమ్మ పడుతుంది, టీవీకి బొమ్మ వస్తుంది. ఎవరూ నేర్పకుండానే జనం క్రియను అలా మార్చుకున్నారు. ఒకదానిలో వెలుతురు వెనక నుంచి వచ్చి తెర మీద పడుతుంది, రెండోదానిలో బొమ్మ గాలిలో ఎక్కడి నుంచో వస్తుంది. ఈ తేడా పట్టుకున్నది పామరులు. నాకు ఆశ్చర్యంగానూ గర్వంగానూ ఉంటుంది.

ఇక అభిమానిగా నా మాట. అన్ని సినిమాలకీ బొమ్మ అనే బిరుదు దక్కకూడదని నా అభిప్రాయం. సింగీతం గారి "పుష్పక విమానం" (1987)లో డైలాగే లేదు, అయినా రెండు గంటలసేపు కళ్ళు తిప్పుకోలేం. అదీ బొమ్మంటే. రాజమౌళి "ఈగ" (2012)లో హీరో ఈగ, దానికి నోరు లేదు. దాని కోపం, దాని ప్రేమ అన్నీ బొమ్మతోనే చెప్పాలి, చెప్పారు. నాకు ఆయన భారీ సినిమాలన్నిటికన్నా అదే ఎక్కువ. డైలీ సీరియల్‌ని మాత్రం ఎవరూ బొమ్మ అనగా నేను వినలేదు. ఎందుకంటే అది వంటింట్లో కూర కలుపుతూ వినడానికి తీసింది. దాని బలం మాటల్లో ఉంది. రేడియో నాటకానికి అది చెల్లెలు. తప్పేమీ లేదు, కానీ బొమ్మ కాదు.

వ్యాఖ్య: ఆడటం అనేది నాటకాల నుంచి కూడా వచ్చి ఉండొచ్చు కదండీ? వీధి నాటకం ఆడారు అంటాం.

జవాబు: నిజమే, ఆ దారి కూడా ఉంది. భాగవతం ఆడారు, నాటకం ఆడారు అంటాం. కాకపోతే నాటకంలో మనుషులే ఆడతారు. బొమ్మ, తెర, ఆట అనే మూడు మాటలూ ఒకేచోట కలిసింది తోలుబొమ్మల దగ్గరే. అందుకే నా ఓటు అటు.

వ్యాఖ్య: మా దిక్కు సిన్మ షురువైందా అనే అంటరు. టీవీ కాడ మాత్రం మేము గూడ "బొమ్మ మంచిగ వస్తలేదు" అనేటోళ్ళం.

జవాబు: ఇది చాలా విలువైన సంగతి అన్నా. అయితే టీవీ బొమ్మ అంతటా ఉంది, "పడటం" మాత్రం కొన్ని చోట్లే ఉందేమో. మీది ఏ జిల్లానో కూడా రాయండి.

వ్యాఖ్య: టీవీకి పింగళి నాగేంద్రరావు గారు ఎప్పుడో మంచి పేరు పెట్టారు. "మాయాబజార్"లో ప్రియదర్శిని అనే మాయ పెట్టె. మూత తీస్తే శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు, మాట్లాడతాడు కూడా.

జవాబు: అద్భుతం! ఆ సినిమా 1957లో వచ్చింది, ఢిల్లీలో ప్రయోగాత్మకంగా టీవీ ప్రసారాలు మొదలైంది 1959లో. నాకు తెలుగులో అన్నిటికన్నా ఇష్టమైన సినిమా అదే. వీడియో కాల్‌కి ప్రియదర్శిని అని వాడదామంటే నేను సిద్ధం. ఓటీటీలో కొత్త సినిమా వస్తే "పడింది" అంటున్నారా, "వచ్చింది" అంటున్నారా? మా స్నేహితుల్లో రెండూ వింటున్నాను. మీ ఇళ్ళలో పిల్లలు ఏమంటున్నారో కింద రాయండి, ఊరి పేరుతో సహా.