అప్‌డేట్: యేసు పుట్టింది క్రీస్తు పూర్వమెలా అన్న నా ప్రశ్నకు జవాబు దొరికింది

క్రీస్తు పేరిట లెక్కించే శకం ఉండగా, యేసు క్రీ.పూ. 4కు ముందే జన్మించి ఉంటాడని చరిత్ర గ్రంథాలు ఎందుకు రాస్తాయని లోగడ ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

యూదయ రాజు హేరోదు మరణకాలాన్ని చూడమన్న సలహాయే చిక్కుముడి విప్పింది. మత్తయి సువార్త ప్రకారం యేసు పుట్టింది హేరోదు పాలనలో. ఆ రాజు మరణానికి కొద్దికాలం ముందు చంద్రగ్రహణం పట్టిందనీ, మరణించాక యూదులు వసంతంలో జరుపుకునే పస్కా పండుగ వచ్చిందనీ యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు కనుక, ఎక్కువమంది పండితులు దానిని క్రీ.పూ. 4 మార్చి 13 నాటి గ్రహణంగా భావిస్తున్నారు. అంటే క్రీ.శ. 525లో ఈస్టర్ పట్టికలు తయారుచేస్తూ ఈ శకాన్ని ప్రవేశపెట్టిన డయొనీసియస్ అనే సన్యాసి లెక్క కొన్నేళ్లు తప్పిందన్నమాట. నేను సంప్రదించిన చరిత్ర అధ్యాపకురాలు కూడా ఇదే చెప్పారు.

క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1 రావడం, అంటే సున్నా సంవత్సరం లేకపోవడమే కారణమన్న నా అనుమానం పనికిరాలేదు. దానివల్ల వచ్చే తేడా ఒక్క ఏడాదే. యేసు పుట్టినప్పుడు జ్ఞానులు చూశారని మత్తయి చెప్పే తూర్పు నక్షత్రాన్ని గ్రహాల కలయికగా లెక్కగట్టడమూ ఏమీ తేల్చలేదు, నాకు రెండు రాత్రుల నిద్ర పోవడం తప్ప. యేసు పుట్టిన కాలానిదిగా లూకా సువార్త పేర్కొన్న, సిరియా రోమన్ అధిపతి కురేనియ నాటి జనగణన మాత్రం ఈ లెక్కలో ఇమడలేదు, ఎందుకంటే జోసెఫస్ కథనాన్ని బట్టి అది క్రీ.శ. 6 నాటిది. మరణ సంవత్సరం వెతికేవారికి యేసుకు సిలువ శిక్ష వేసిన రోమన్ అధిపతి పిలాతు పదవీకాలమైన క్రీ.శ. 26–36 హద్దుగా ఉపయోగపడుతుంది.