సీరియల్లో ఆ మనిషి నోరు ఎందుకు విప్పదు?

ప్రశ్న (విజయనగరం, టీచరు)

సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా మా ఇంట్లో టీవీ అత్తగారిది. ఆ తరువాత మా అబ్బాయిది, వాడు వెబ్ సిరీస్‌లు పెడతాడు. నేను ఆ గదిలోనే పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటూ రెండూ చూస్తాను. అందుకే అడుగుతున్నాను: ఒక సిరీస్‌లో రచన బాగుందో లేదో మీరు దేన్ని బట్టి చెబుతారు?

నాకు ఒకటే గుర్తు. ఒక మనిషి ఏదైనా దాచిందంటే, ఆ దాపరికానికి కారణం ఆమె స్వభావంలోనే దొరకాలి. ఈమధ్య చూసిన సన్నివేశం చెబుతాను. కోడలి చేతిలో ఆసుపత్రి రిపోర్టు ఉంది. భర్త ఎదురుగా నిలబడ్డాడు. ‘మీకో విషయం చెప్పాలి’ అంది. కెమెరా అత్త ముఖం మీదికి, ఆడపడుచు ముఖం మీదికి, గుమ్మం పక్కన పొంచి ఉన్న పనిమనిషి ముఖం మీదికి వెళ్లింది. మర్నాడు మళ్లీ అదే మాట, అవే ముఖాలు. మూడో రోజు భర్తకు ఫోను వచ్చింది, వెళ్లిపోయాడు. ఆమె రిపోర్టును బీరువాలో చీరల కింద దాచేసింది. భయమా? పంతమా? భర్త మీద నమ్మకం లేదా? ఏదైనా ఒప్పుకునేదాన్ని. ఏదీ కాదు. చెబితే కథ ఆగిపోతుంది, అంతే. ఇది చూసేవాళ్లను అవమానించడమే అనిపిస్తుంది నాకు.

అమెరికా సిరీస్ ‘బ్రేకింగ్ బ్యాడ్’లోనూ దాపరికమే ఉంది. వాల్టర్ వైట్ కెమిస్ట్రీ మాస్టారు, క్యాన్సర్ వచ్చింది. వైద్యం ఖర్చంతా మేమే పెట్టుకుంటామని బాగా డబ్బున్న పాత స్నేహితులు మొదటి సీజన్‌లోనే అంటారు. ఆయన కాదంటాడు. వాళ్ల కంపెనీ మొదలైనప్పుడు తానూ అందులో ఒకడు, ఇప్పుడు అక్కడే చేయి చాచలేడు. దొంగచాటుగా మత్తుమందు తయారుచేసి సంపాదిస్తాడు, పైగా ఆ స్నేహితులే డబ్బు కడుతున్నారని భార్యకు అబద్ధం చెబుతాడు. తరువాత జరిగిన అనర్థమంతా ఆ అహంలోంచి పుట్టిందే. అతని మీద నాకు ఎంత కోపం వచ్చినా, ఎందుకిలా చేశాడని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

తెలుగులో అలా రాసినవి ఏమున్నాయి?

జవాబు (పలాస)

మేడమ్ గారూ, మీరు మౌనాన్ని చూస్తారు, నేను పనిని చూస్తాను. సీరియల్ మనుషులకు పనే ఉండదు. ‘ఆఫీసు’ అంటారు, ‘మీటింగు’ అంటారు, ఫైలు మీద సంతకం పెడతారు. ఏ సరుకు తయారుచేస్తారో, ఎవరికి అమ్ముతారో ఎన్నేళ్లు చూసినా తెలియదు.

మాది జీడిపప్పు ఊరు. పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు ఒకసారి చూడండి. తొక్కలోంచి వచ్చే జీడి రసానికి నల్లబడి, చర్మం ఊడిపోయి ఉంటాయి. ఆ చేతులతో అన్నం కలుపుకునే మనిషి ఎలా మాట్లాడుతుంది, కూలి దగ్గర ఎంతవరకు గొడవపడుతుంది, ఎక్కడ ఊరుకుంటుంది? రచయిత పట్టుకోవలసింది అది. సీరియల్లో కూలి మనిషికి గోళ్ల రంగు చెదరదు.

ఇంకో బాధ కూడా ఉంది. మా జిల్లా మాట సీరియల్లో వినిపించిందంటే ఆ మనిషి వాచ్‌మన్ అయినా అయి ఉండాలి, నవ్వించడానికి పెట్టినవాడైనా అయి ఉండాలి. ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడింది 1892లో మీ ఊళ్లోనే. గిరీశం మాటను అగ్నిహోత్రావధాన్లు నోట్లో పెడితే అతకదు. ఇప్పటి సీరియల్లో ఎవరి మాటను ఎవరికి ఇచ్చినా తేడా కనిపించదు.

మీరు అడిగినదానికి నా జవాబు ‘శివరపల్లి’. హిందీ ‘పంచాయత్’కు తెలుగు రూపం, 2025 జనవరిలో ప్రైమ్ వీడియోలో వచ్చింది. హిందీదీ చూడండి. మొదటి భాగంలో పంచాయతీ ఆఫీసు తాళంచెవి పోతుంది, అంతే కథ. కానీ ఆ తాళంచెవి కోసం వెతకడంలోనే ఊరి పెత్తనం ఎవరిదో తెలిసిపోతుంది. మొదటి సీజన్ చివర, పేరుకే ప్రధాన్‌గా, అంటే సర్పంచ్‌గా ఉన్న ఇల్లాలు జెండా ఎగరేయడానికి జాతీయగీతం నేర్చుకుంటుంది. ఒక మనిషి మారిందని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

జవాబు (బొబ్బిలి, టైలరింగ్)

అక్కా, ఒక్క మాట. నేను సీరియల్ చూడను, వింటాను. మిషను చప్పుడులో సగం మాటలు పోతాయి. అదే మాట మర్నాడు మళ్లీ వస్తే నాకు మేలే. పనిలో ఉన్న ఆడవాళ్ల కోసమే అలా తీస్తారు, దాన్ని తప్పుపట్టకండి.

‘కార్తీకదీపం’లో వంటలక్కను మేము ఎందుకు అంతగా ఇష్టపడ్డాం? వదిలేసిన భర్త ముందు చేయి చాచకుండా వంట చేసి బిడ్డను పెంచుకుంది. పలాస అన్నయ్య చెప్పిన పని ఆమెకు ఉంది. కానీ డాక్టరుబాబు, తానే డాక్టరై ఉండి, బిడ్డ తనది కాదని ఏళ్ల తరబడి అనుమానిస్తుంటే నాకూ ఒళ్లు మండింది. డీఎన్ఏ పరీక్ష ఒకటి ఉందని మా వీధిలో చదువుకోని ముసలమ్మకు కూడా తెలుసు.

జవాబు (శ్రీకాకుళం)

అసలు చిక్కు ముగింపు దగ్గర ఉంది. ‘కార్తీకదీపం’ మలయాళ సీరియల్‌కు రీమేక్. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా, 1500కు పైగా భాగాలు నడిచింది. ‘బ్రేకింగ్ బ్యాడ్’ ఐదు సీజన్లు కలిపి 62. వారం వారం రేటింగు చూసి కథను సాగదీసేచోట, రేపు ఏమవుతుందో రాసేవాళ్ల చేతుల్లో ఉండదు. అలాంటప్పుడు డాక్టరుబాబు చేత పరీక్ష ఎలా చేయిస్తారు?

అలాగని తొందరపడినా చెడుతుంది. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ మొదటి ఆరు సీజన్లలో పదేసి భాగాలు, ఏడులో 7, ఎనిమిదిలో 6. మొదట్లో ప్రయాణాలు భాగాల తరబడి సాగేవి, ఆ దారిలోనే మనుషులు మారేవారు. చివర్లో డెనెరిస్ అనే రాణి నగరాన్ని తగలబెడుతుంటే ఆ కోపం నాకు అందలేదు. కారణాలు ఉన్నాయి, వాటిని మనం అనుభవించే సమయం ఇవ్వలేదు.

ప్రశ్న అడిగిన టీచరు

అందరికీ నమస్కారం. ‘శివరపల్లి’ మా అత్తగారితో కలిసి చూస్తాను.

బొబ్బిలి చెల్లెమ్మా, మళ్లీ మళ్లీ చెప్పడం తప్పని నేను అనను. వందసార్లు చెప్పనివ్వండి, చెప్పే మాటకు ఒక కారణం ఉండాలంటాను. మీ దగ్గర జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు కొలతలతో పాటు ఇంటి సంగతులెన్నో చెప్పి వెళ్తుంటారు కదా. వాటిలో కొన్ని మీరు ఎవరికీ చెప్పరు. ఏవి చెప్పరు, ఎందుకు చెప్పరు? పేర్లు లేకుండా ఒక్కటి ఇక్కడ రాయండి. మన సీరియళ్లకు కావలసిన కథ అక్కడ ఉందని నా నమ్మకం.