రౌండానాలో ముందు ఎవరు పోవాలె? ఇండికేటర్ ఎప్పుడెయ్యాలె?

అడిగినవారు (నల్లగొండ)

స్కూటీ బాగానే వచ్చు, కారు ఇప్పుడే నేర్చుకుంటున్న. మామూలు చౌరస్తాలో ఇబ్బంది లేదు. నడుమ విగ్రహమో గడియారమో ఉండి, దాని చుట్టు తిరిగి పోవాల్సిన రౌండానా దగ్గరనే అయోమయం. మూడు సందేహాలు.

ఒకటి, లోపలికి పోయేటప్పుడు ఆగాల్సింది నేనా, లోపల తిరుగుతున్న బండ్లా? కుడి దిక్కు నుంచి వచ్చేవాళ్లకు దారియ్యాలని కొందరు, మెయిన్ రోడ్డు మీద వచ్చేవాళ్లదే ముందని కొందరు చెప్తున్నరు. రెండు, సీదా పోవాలంటే ఏ ఇండికేటర్ ఎయ్యాలె? డబుల్ ఇండికేటర్, అంటే రెండు దిక్కులవి ఒక్కసారే వేస్తే సీదా పోతున్నట్టు అర్థమట, నిజమేనా? మూడు, రౌండానా బాగా చిన్నదైతే చుట్టు తిరగకుండ కుడికి మలుపుకోవచ్చునా?

డ్రైవింగ్ నేర్పేవారు (మహబూబ్‌నగర్)

మొదటి దానికి సూటి జవాబు: లోపల తిరుగుతున్న బండిదే ముందు. బయట ఉన్నవాళ్లు ఆగాలె. మన దేశంలో బండి ఎడమ పక్కన నడుస్తది కాబట్టి రౌండానాలో తిరుగుడు గడియారం ముల్లు తిరిగినట్టే ఉంటది. అంటే లోపల ఉన్న బండి ఎప్పుడైనా మీ కుడి దిక్కు నుంచే మీ ముందుకు వస్తది. అందుకే 'కుడికి చూసి దారియ్యి' అంటరు.

మీరు విన్న రెండు మాటలూ ఊరికే పుట్టలేదు. 1989 నాటి రోడ్డు నిబంధనల్లో 9వది ఇట్లా ఉండేది: మెయిన్ రోడ్డులోకి ఎక్కుతుంటే ఆ రోడ్డు మీద పోయేవాళ్లకు దారియ్యాలె, మిగతా చోట్ల కుడి చేతి దిక్కు నుంచి వచ్చేవాళ్లకు ఇయ్యాలె. దాని స్థానంలో 2017లో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చినయి. వాటి ప్రకారం రౌండానాలో అప్పటికే ఉన్న బండికి హక్కు. మీరు వచ్చేది హైవే అయినా, ఎదురుంగ ఉన్నది గల్లీ అయినా, రౌండానా నోటి దగ్గరికి వచ్చినంక అందరూ సమానమే.

ఇండికేటర్ సంగతి. నాలుగు దార్ల రౌండానా అనుకోండి.

ఎడమకు, అంటే మొదటి దారిలోకే పోవాలంటే, దగ్గరికి వస్తున్నప్పుడే ఎడమ ఇండికేటర్ వేసి, బయటికి పోయేదాకా ఉంచండి. సీదా పోవాలంటే లోపలికి వచ్చేటప్పుడు ఏదీ వద్దు. మొదటి దారి మీ ఎడమ పక్కన దాటిపోంగనే ఎడమ ఇండికేటర్ వేసి రెండో దారిలోకి దిగండి. కుడికి పోవాలన్నా, వచ్చిన దారినే తిరిగి పోవాలన్నా ముందు నుంచే కుడి ఇండికేటర్ వేసి లోపలికి రండి, మీ దారికి ముందున్న దారి దాటంగనే ఎడమకు మార్చండి. ఎక్కడికి పోయేవాళ్లైనా బయటికి పోయేది ఎడమ ఇండికేటర్‌తోనే. చాలామంది ఇదే మరిచిపోతరు. కుడి ఇండికేటర్ కొట్టుకుంటనే బయటికి పోతే తర్వాతి దారి దగ్గర ఆగినవాళ్లు మీరింకా తిరుగుతరనుకొని ఉత్తగ ఆగుతరు.

డబుల్ ఇండికేటర్ మాట పూర్తిగా తప్పు. బండి ఆగిపోయిందనో చెడిపోయిందనో చెప్పేటందుకే అది. పైగా ప్రమాదం. మీ ఎడమ పక్కన ఉన్న మనిషికి మీ బండి ఎడమ మూల బల్బు ఒక్కటే కనపడ్తది, కుడి బల్బు బాడీ చాటున ఉంటది. ఆయనకు మీరు ఎడమకు మలుగుతున్నట్టే అనిపిస్తది. మీరేమో సీదా వస్తరు.

మూడోది: మలుపుకోవద్దు. రౌండానా ఎంత చిన్నదైనా చుట్టు తిరిగే పోవాలె. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో, ట్రాఫిక్ పోయే దిక్కుకు ఎదురు నడుపుడును ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందనే రాసినరు. చట్టం కన్నా పెద్ద కారణం ఇంకోటున్నది. రౌండానాలోకి వచ్చే ప్రతి డ్రైవరు కుడికే చూస్తుంటడు. అడ్డంగ మలుపుకున్న బండి ఆయనకు ఎడమ దిక్కు నుంచి వస్తది. ఆ దిక్కు ఎవరి చూపూ ఉండదు, అందుకే బ్రేక్ వేసే సమయం కూడా దొరకదు.

అడిగినవారు

చాలా థాంక్స్ సార్. రూలు అర్థమైంది. కానీ నేను ఆగితే వెనక నుంచి హారన్లు కొడుతున్నరు, పక్క నుంచి బైకులు దూరిపోతున్నయి. లోపల ఉన్నప్పుడేమో ఎవరూ ఆగరు, నా ముందుకే వస్తరు. అప్పుడేం చేయాలె?

లారీ నడిపేవారు (మిర్యాలగూడ)

హారన్‌కు జవాబు చెప్పొద్దు చెల్లె. ఎన్క నుంచి కొట్టేటాయనకు నీ ముందట ఏమున్నదో కనపడదు. నువ్వు పోవాలెనా ఆగాలెనా అన్నది ముందున్న జాగను బట్టే.

ఎంత జాగ ఉంటే పోవచ్చునో ఒక లెక్క పెట్టుకో. లోపల గంటకు 25 కిలోమీటర్లతోని తిరిగే బండి సెకనుకు 7 మీటర్లు వస్తది. ఆగిన కారు మొదటి గేరులో లేచి లోపల కుదురుకునేటందుకు కనీసం 4 సెకన్లు కావాలె. అంటే 28 మీటర్లు, ఏడు కార్ల పొడుగు. కొత్తగా నేర్చుకునేటోళ్లు 6 సెకన్లు పట్టుకోవాలె. ఊర్లల్ల ఉండే చిన్న రౌండానల అంత దూరం ఉండనే ఉండదు, గందుకని ఇంకో తీరు: నీ కుడి పక్క దారి నోటికీ నీకూ నడుమ ఏ బండన్నా తిరుగుతుంటే ఆగు. దాని ఎడమ ఇండికేటర్ కొట్టుకుంటున్నా సరే ఆగు. ఇండికేటర్ మరిచిపోయి ఉండొచ్చు. ముందటి చక్రం బయటి దారి దిక్కు మళ్లిందంటే మాత్రం నమ్మొచ్చు.

పెద్ద బండ్ల సంగతి ఎవ్వరు చెప్పరు గాని ఇది తెలుసుకోవాలె. లారీ, బస్సు మలిగేటప్పుడు ఎన్క చక్రాలు ముందు చక్రాల జాడల నడువయి, లోపలికి కోసుకుంట వస్తయి. రౌండానలకు వచ్చేటప్పుడు, బయటికి పోయేటప్పుడు బండి ఎడమకు మలుగుతది కాబట్టి ఎడమ బాజు కోసుకొస్తది. చుట్టు తిరిగేటప్పుడు కుడికి మలుగుతది, అప్పుడు నడుమ గద్దె దిక్కు కోసుకొస్తది. లారీ ఎడమకు, ఫుట్‌పాత్‌కు నడుమ సందు కనపడ్డదని బైకు పెడితే ఆ సందు రెండు సెకన్లల్ల మూసుకపోతది. క్యాబిన్ల కూసున్నోళ్లకు ఆ బైకు కనపడదు. లారీ అద్దంల డ్రైవరు మొఖం నీకు కనపడకపోతే నువ్వు ఆయనకు కనపడుతలేవన్నట్టే.

కోతల టైంల వడ్ల ట్రాక్టర్లు ఉంటయి. ట్రాలీకి ఎన్క లైట్లు ఉండయి, ఇండికేటర్ ఉండదు, గడ్డి కట్టినదైతే రెండు పక్కల బయటికి వచ్చి ఉంటది. దాని పక్కపొంటి తిరగొద్దు. ముందు దాన్ని పోనిచ్చి, ఎన్కకు ఉండి పో. ఓ పది సెకన్లు ఆలస్యమైతది, అంతే.

రోడ్ల పని తెలిసినవారు (నల్లగొండ)

లోపలివాళ్లకే ముందు అని ఎందుకు పెట్టారో తెలిస్తే రూలు మరిచిపోరు. బయటివాళ్లు ఆగకుండా దూరుతుంటే లోపలి బండ్లు కదలవు. లోపలివి బయటికి పోకపోతే వాటి వెనక దారులన్నీ మూసుకుపోతాయి. నాలుగు దార్ల బండ్లు ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు బిగుసుకుపోతాయి, ఎవరూ కదల్లేరు. బ్రిటన్‌లో కూడా పాత రౌండానాలు ఇట్లాగే బిగుసుకుపోయేవి. 1966లో అక్కడ లోపల తిరిగేవాళ్లకే ముందు అనే నియమం తెచ్చాక ఆ చిక్కు విడిపోయింది.

మామూలు నాలుగు దార్ల చౌరస్తాలో బండికి బండి ఢీకొనగల చోట్లు 32 అని లెక్క. ఒకే లైను ఉన్న రౌండానాలో అవి 8. ఎదురెదురుగా, అడ్డంగా గుద్దుకునే అవకాశం పోయి, పక్క నుంచి రాసుకునేవే మిగులుతాయి. ఎదురు దిక్కున ఒక్క బైకు తిరిగినా ఈ మేలంతా పోతుంది.

మన దగ్గర ఎక్కువసార్లు బిగుసుకుపోయేది బయటికి పోయే దారి నోటి దగ్గర. అక్కడే షేర్ ఆటో ఆగుతుంది, అక్కడే పండ్ల బండి ఉంటుంది, బస్సు కోసం జనం నిలబడతారు. దారి నోటి నుంచి కనీసం మూడు నాలుగు బండ్ల పొడుగు ఖాళీగా ఉండాలి. అందుకని లోపలికి వచ్చే ముందు కుడికి చూసినట్టే, మీరు పోవాల్సిన దారిలో జాగ ఉందా అని కూడా చూడండి. అది నిండి ఉంటే బయటే ఆగండి. మీ ఒక్క కారు లోపల ఇరుక్కుంటే మిగతా మూడు దార్లూ ఆగిపోతాయి.

బోర్డులు గుర్తుపట్టండి. తలకిందులుగా ఉన్న త్రికోణం, ఎర్ర అంచు: దారి ఇవ్వాలని. నీలం గుండ్రంలో మూడు తెల్ల బాణాలు చుట్టూ తిరుగుతుంటే, ఆ దిక్కునే తిరగాలని. రోడ్డు మీద అడ్డంగా తెగిన తెల్ల గీతల జంట కనబడితే ఆగాల్సింది ఆ గీతల వెనకే, వాటి మీద కాదు. గీతలు అరిగిపోయిన చోట, లోపల తిరిగే బండి ఎడమ అద్దం మీ బంపర్‌కు తగలనంత వెనక ఆగండి.

నడుమ విగ్రహం ఉన్నంత మాత్రాన ప్రతి చౌరస్తా రౌండానా నియమాలతో నడవదు. సిగ్నల్ పనిచేస్తుంటే సిగ్నలే ప్రమాణం. పోలీసు నిలబడి చేత్తో పంపుతుంటే సిగ్నల్ కన్నా ఆయన చేయి ముందు. పసుపు దీపం ఆరి వెలుగుతుంటే నెమ్మదిగా, చూసుకుంటూ పోవాలి. ఎర్ర దీపం ఆరి వెలుగుతుంటే పూర్తిగా ఆగి, ఖాళీ చూసి పోవాలి.

డ్రైవింగ్ నేర్పేవారు (మహబూబ్‌నగర్)

కారు కొత్తవాళ్లకు ఇంకో రెండు తప్పులు చెప్పాలె, స్కూటీ మీద ఇవి ఎదురుకావు.

మన కార్లలో స్టీరింగ్ కుడి దిక్కు. ముందద్దానికీ కుడి తలుపుకూ నడుమ ఉండే స్తంభం సరిగ్గా మీరు చూడాల్సిన చోటనే అడ్డం వస్తది. బైకు ఆ స్తంభం చాటున మొత్తం దాక్కుంటది. మీరు మెల్లగ ముందుకు వస్తుంటే, అది కూడా మెల్లగ తిరుగుతుంటే చివరిదాకా చాటునే ఉండిపోవచ్చు. అందుకే తల కదలకుండ కళ్లు మాత్రమే తిప్పితే చాలదు. సీట్లో ముందుకు వంగి ఒకసారి, వెనకకు ఆని ఒకసారి చూడాలె.

రెండోది వెనక నుంచి గుద్దుడు. మీ ముందు కారు కదులుతది, మీరు కుడికి చూస్తరు, ఖాళీ కనపడ్తది, క్లచ్ వదులుతరు. ముందు కారు ఆయన మనసు మార్చుకొని ఆగి ఉంటడు. ముందు కారు పూర్తిగా లోపలికి పోయినట్టు కళ్లతో చూసినంకనే మీరు కుడికి చూడుడు మొదలువెట్టాలె.

గేర్ల సంగతి: 50 మీటర్ల ముందే మూడు నుంచి రెండుకు రండి, స్పీడు 20 దగ్గర ఉండాలె. క్లచ్ తొక్కిపెట్టి జారుకుంట రావద్దు, బండి మీ చేతిలో ఉండదు. ఆగాల్సి వస్తే మొదటి గేరు. జడ్చర్ల దగ్గర 44 నంబరు హైవే దిగి మహబూబ్‌నగర్ దిక్కు వచ్చేవాళ్లు, నార్కట్‌పల్లిలో 65 నంబరు హైవే దిగి నల్లగొండకు పోయేవాళ్లు స్పీడు మీటరు తప్పకుండ చూడాలె. 80 స్పీడు మీద వచ్చిన కండ్లకు 45 స్పీడు నడక లెక్క అనిపిస్తది, కానీ 45 మీద బండి సెకనుకు 12 మీటర్లకు పైన పోతది.

అడిగినవారు

రెండు లైన్లుంటే ఎట్లా? లోపలి లైనులో ఉండి నా దారి వచ్చినా ఎడమకు రానియ్యకపోతే? ఇంకా లోపల ఉండంగ 108 వస్తే?

లారీ నడిపేవారు (మిర్యాలగూడ)

ఎడమకు, సీదా పోయేటోళ్లు ఎడమ లైను. కుడికి పోయేటోళ్లు, ఎన్కకు మర్లేటోళ్లు గద్దె దిక్కు లైను. రానియ్యకపోతే ఆగొద్దు, దూరొద్దు, ఇంకో సుట్టు తిరుగు. 25 మీటర్ల అడ్డం ఉన్న రౌండాన సుట్టు 80 మీటర్లుంటది, 20 స్పీడుల పావు నిమిషం. ఎడమ అద్దం చూసి, తల తిప్పి భుజం మీంచి ఒక్కసారి చూసి, అప్పుడు రా.

108 వస్తే లోపల మాత్రం ఆగకు. ఆగితే అదే ఇరుక్కుంటది. నీ దారి దగ్గర పడితే బయటికి పోయి, ఇరవై ముప్పై మీటర్లు ముందుకు పోయినంక ఎడమకు ఆపు. ఇంకా బయటనే ఉంటే లోపలికి రాకు, ఉన్నకాడనే ఎడమకు జరుగు.

రోడ్ల పని తెలిసినవారు (నల్లగొండ)

నేర్చుకునేటప్పుడు ఆదివారం తెల్లవారి ఆరు గంటలకు ఒకే రౌండానాకు నాలుగు దిక్కుల నుంచీ వచ్చి, ప్రతి దిక్కు నుంచీ ఎడమకు, సీదా, కుడికి, వెనకకు తిరగండి. మొత్తం పదహారు సార్లు. ఇండికేటర్ మార్చాల్సిన చోటు చేతికి అలవాటైన తర్వాత సాయంత్రం రద్దీలో తీసుకుపోండి. వాన పడుతుంటే గద్దె దగ్గర ఆయిల్ మరకలు జారుతాయి, ఆ రోజు స్పీడు 15 మించొద్దు.