బరువైన బండి నెమ్మదిగా నడపాలంటే భయం, ఎలా నేర్చుకోవాలి? (తిరుపతి)

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. ఇన్నాళ్లూ స్కూటరే నడిపాను, ఈమధ్య రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బైకు తీసుకున్నాను. వేగం 40 దాటితే హాయిగా పోతుంది. ఇబ్బందంతా నెమ్మదిగా పోయేటప్పుడే. గాంధీ రోడ్డులో యాత్రికుల మధ్య పోవాలన్నా, మా సందులో బండి తిప్పుకోవాలన్నా టెన్షన్‌తో చేతులు బిగుసుకుపోతాయి, రెండు కాళ్లూ కింద పెట్టేస్తాను. మొన్న ఇంటి ముందు తిప్పుతుంటే ఒరిగిపోయింది, పక్కింటాయన పట్టుకోబట్టి సరిపోయింది. అమ్మను ఎక్కించుకుని కొండకు పోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి అన్నా?

జవాబు:
తమ్ముడూ, నీ బండి 195 కిలోలు, స్కూటర్‌కు దాదాపు రెట్టింపు. ఒరగడం మొదలయ్యాక అంత బరువును కాలితో ఆపాలని చూస్తే మోకాలు పోతుంది. నెమ్మదిగా పోయేటప్పుడు బండిని నిలబెట్టేవి క్లచ్, వెనక బ్రేకు. కాళ్లు కాదు.

క్లచ్ వదులుతూ ఉంటే ఒకచోట బండి ముందుకు లాగడం మొదలవుతుంది. అదే హాఫ్ క్లచ్. ముందు ఆ చోటు నీ వేళ్లకు తెలియాలి. కొత్తవాళ్లు భయం వేయగానే క్లచ్ మొత్తం నొక్కేస్తారు. నొక్కగానే చక్రానికి లాగుడు పోతుంది, వాలిన బండిని లేపే శక్తి ఇక ఉండదు. ఇంటి ముందు నీకు జరిగింది కూడా బహుశా ఇదే.

ఆదివారం పొద్దున్నే ఖాళీ గ్రౌండుకు పో. ట్యాంకు సగమే ఉంచు, పైభాగం బరువు తగ్గుతుంది. ఫస్ట్ గేర్‌లో ఎక్సిలేటర్ ఐడిల్ (తిప్పకుండా ఇంజిన్ ఆడే వేగం) కన్నా కాస్త ఎక్కువ పెట్టి అక్కడే ఉంచు. వేగం పెంచడానికి క్లచ్, తగ్గించడానికి వెనక బ్రేకు. బ్రేకు కొద్దిగా తొక్కి పట్టుకునే క్లచ్ వదిలితే ఇంజిన్ ముందుకు లాగుతుంది, బ్రేకు వెనక్కి పడుతుంది. దారం బిగువుగా ఉన్నంతసేపే గాలిపటం మాట వింటుంది, ఇదీ అంతే. మనిషి నడక కన్నా నెమ్మదిగా, కాళ్లు పెట్టకుండా, నేరుగా పోవడం వచ్చేదాకా మలుపుల జోలికి వెళ్లొద్దు.

ముందు బ్రేకు సంగతి: హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు దాన్ని ముట్టుకోవద్దు. ఫోర్కులు (ముందు చక్రం షాకులు) కుంగి, బరువంతా మలుపు లోపలికి పడి, బండి కూలబడుతుంది.

ఇంకొక జవాబు:
నాది చిత్తూరు, రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ బైకు నడుపుతాను. అన్న చెప్పినదానికి చూపు సంగతి కలుపుతున్నా తమ్ముడూ. ముందు చక్రం వైపో, గుంత వైపో చూస్తే బండి అక్కడికే పోతుంది. యూటర్న్‌లో గడ్డం భుజం మీదికి వచ్చేలా తల తిప్పి, ఎటు పోవాలో అటే చూడు. బండిని లోపలికి వాల్చు, నీ ఒళ్లు మాత్రం బయటివైపు ఉంచు. వేగంగా పోయేటప్పుడు చేసేదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం, అందుకే మొదట్లో కుదరదు.

మన దగ్గర యూటర్న్ అంటే ఎక్కువగా కుడివైపే. హ్యాండిల్ కుడికి పూర్తిగా తిప్పితే ఎక్సిలేటర్ చెయ్యి కడుపు దగ్గరికి వచ్చేస్తుంది, మణికట్టు వంగి మనకు తెలియకుండానే రేజ్ అవుతుంది. మోచెయ్యి బయటికి పెట్టి, గ్రిప్పు వదులుగా పట్టుకో. పైగా కుడికాలు బ్రేకు మీద ఉండాలి, కింద పెట్టడానికి లేదు. కాబట్టి ఎడమవైపు తిప్పడం వచ్చాకే కుడివైపు మొదలుపెట్టు. తర్వాత లైసెన్సు టెస్టులో వేసే ఎనిమిదిని మొదట పెద్దగా వేసి, రోజురోజుకూ చిన్నది చేసుకుంటూ పో.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. ఇంతసేపు హాఫ్ క్లచ్ వాడితే ప్లేట్లు కాలిపోవా? ఒకవేళ బండి పడితే ఒక్కడినే లేపగలనా?

జవాబు:
నీ బండిది ఆయిల్‌లో తడిసే క్లచ్, ఈ మాత్రం వాడకానికి ఏమీ కాదు. మధ్యమధ్యలో ఆపి చల్లబడనివ్వు. చెడిపోయేది ఎత్తు రోడ్డు మీద బండిని బ్రేకుతో కాకుండా క్లచ్‌తో నిలబెడితే.

పడుతోందని తెలిశాక వదిలేసి పక్కకు జరుగు. లేపే ముందు ఇంజిన్ ఆఫ్ చెయ్, గేరులో ఉంచు. కుడివైపు పడితే సైడ్ స్టాండ్ ముందే దించు. బండికి వీపు ఆనించి కూర్చుని, ఒక చేత్తో కింది గ్రిప్పు, రెండో చేత్తో సీటు కింద గట్టి రాడ్ పట్టుకుని, కాళ్లతో తోస్తూ వెనక్కి చిన్నచిన్న అడుగులు వెయ్. నడుం వంచి ఎత్తొద్దు.

చిత్తూరు అక్క:
కొండ గురించి ఒక మాట. హెయిర్‌పిన్‌లు (వెనక్కి తిరిగేంత ఇరుకు మలుపులు) ఎక్కువ ఉండేది దిగే దారిలో, అంటే మొదటి ఘాట్ రోడ్డులో. న్యూట్రల్‌లో దొర్లించొద్దు, సెకండ్ గేర్‌లో ఇంజినే బండిని పట్టుకుంటుంది. వేగం మలుపుకు ముందే తగ్గించుకో. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్నది అక్కడి రూలు, తొందరేమీ లేదు.

అమ్మ చీరలో ఒకవైపు కూర్చుంటే బరువు ఎడమకు పడుతుంది, ఎడమ మలుపులో బండి నువ్వు అనుకున్నదానికన్నా ముందే వాలిపోతుంది. ఆమెకు వీలైతే రెండువైపులా కాళ్లు వేసి కూర్చోమను. లేదంటే ముందు స్నేహితుణ్ణి అలాగే కూర్చోబెట్టుకుని గ్రౌండులో ఎనిమిది వెయ్. అది కాలు పెట్టకుండా వచ్చాకే అమ్మను ఎక్కించుకో, ఆమెకూ హెల్మెట్ కొను.